బందరుకు రెండు వాకిళ్ళు: రైలు స్టేషను, బస్సు స్టాండు

తెలుగులో "రేవు" అనే చక్కని మాట ఉండగా, తెలుగుదేశపు పట్టణమొకటి "బందరు" అనే పారసీక పదాన్ని పేరుగా ధరించుట మొదట వింతగా తోచును. పారసీకంలో బందర్ అనగా ఓడరేవు. ఇరాను తీరాన బందర్ అబ్బాస్ ఉన్నది. మన తీరాన ఏ విశేషణమూ తగిలించకుండ ఉత్త బందరే ఉన్నది. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యంలో రేవు అనినంతనే ఆ ఒక్క ఊరే మనసుకు వచ్చెడిది కాబోలు. అందుచేత జాతి వాచకమే వ్యక్తి నామమై నిలిచినది. రెండవ పేరైన మచిలీపట్నంలోని "మచిలీ" చేప అని మన ఉర్దూ విద్యార్థులు వెంటనే చెప్పుదురు. ఆ అర్థం వినుటకు ఇంపుగానే ఉన్నది గాని, అంతకు ఎంతో ముందే, క్రీస్తుశకపు తొలి శతాబ్దాలనాటి గ్రీకు రచనలలో ఈ తీరం మసలియా, మైసోలియా అనే పేర్లతో కనిపించును. కనుక చేప తరువాత వచ్చి చేరినదేమో ఆలోచింపవలసి ఉన్నది. పేరు మొదట పుట్టి, అర్థం తరువాత వెదకుకొనిన ఊళ్ళు మన దేశంలో అనేకం.

నేరేడుచర్ల విద్యార్థులకు బందరు సంగతి ఎందుకు అని అడుగవచ్చును. మనకూ ఆ ఊరికీ రెండు బంధాలు ఉన్నవి. ఒకటి నీరు. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొని, మట్టపల్లి మీదుగా సాగిన కృష్ణానది హంసలదీవి వద్ద సముద్రంలో కలియును. ఆ సంగమం బందరు ప్రాంతానికి చేరువలోనిదే. మన పొలాలకు సాగరు ఎడమ కాలువ ద్వారా అందినది ఏ నది నీరో, బందరు కాలువలో పారునది ఆ నది నీరే. రెండవది దారి. మన రోడ్డు కోదాడలో పెద్ద రోడ్డును తాకును. పుణె నుండి షోలాపురం, హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా వచ్చు ఆ జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగియును. మన పెద్దలు దానిని తొమ్మిదవ నంబరు రోడ్డు అనెడివారు. 2010 లో దేశమంతటా రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు అది 65 అయినది. కోదాడ కూడలిలో నిలుచున్న వానికి ఒక చేతివైపు గోల్కొండ కోట, మరొక చేతివైపు దాని రేవు ఉన్నవన్నమాట.

ఆ దారి నేటిది కాదు. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ నుండి బందరుకు వర్తకుల బండ్లు, ఎద్దుల బిడారులు నడిచినవి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ రెండు ఊళ్ళ మధ్య ప్రయాణం చేసి తన గ్రంథంలో వర్ణించినాడు. బందరులో డచ్చివారు 1605-06 ప్రాంతంలో, ఆంగ్లేయులు 1611 లో, ఫ్రెంచివారు 1669 లో వర్తక స్థానాలు పెట్టుకొనినారు. ఇక్కడి అద్దకపు బట్టలు పారసీక దేశానికి, తూర్పున పెగూ, అచే రాజ్యాలకు పోయినవి. ఎర్రసముద్రం వైపు పోవు ఓడలలో సరకుతోపాటు హజ్ యాత్రికులు కూడ ఎక్కినారు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) ఈ ప్రాంతంలో పర్యటించుచు కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూచి, ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చెనని ప్రసిద్ధి. నేడు విజయవాడ నుండి బందరు పోవు బస్సు పామర్రులో ఆగినప్పుడు కూచిపూడికి పోవువారు దిగి వేరు బస్సు కొరకు నిలుచుందురు. సుల్తాను పల్లకి వచ్చిన ప్రాంతంలోనే మనమూ చేతిసంచితో నిలుచుంటిమని ఎందరికి తోచును!

"రహదారి" అనే మాటను గురించి ఇక్కడనే ఒక మాట చెప్పవలెను. ఎం.ఏ. చదువు రోజులలో ఈ పదాన్ని నేను సంస్కృత సమాసమనుకొని భంగపడితిని. రాహ్ అనగా పారసీకంలో దారి. రాహ్‌దారీ అనగా దారి కాపలా, దాని కొరకు వసూలు చేయు సుంకం, ఆ సుంకం చెల్లించినట్లు ఇచ్చు చీటి. పాత నిఘంటువులలో రహదారికి ప్రయాణపు అనుమతి పత్రం అనే అర్థమే కనిపించును. తెలుగువాడు చీటిని మరచి దారిని మిగుల్చుకొనినాడు. "దారి" అనే మన మాట అందులో వినిపించుట కూడ అందుకు తోడ్పడి ఉండును. నేడు పెద్ద రోడ్డు మీద టోలు రుసుము చెల్లించునప్పుడు ఆ పదం తన పాత అర్థానికే తిరిగి వచ్చుచున్నది.

ఇక అసలు విషయం. సముద్రతీర నగరమైన బందరులోనికి నేటి సామాన్యుడు ఓడ మీద రాడు. అతనికి రెండే వాకిళ్ళు: ఒకటి రైలు స్టేషను, మరొకటి ఆర్.టి.సి. బస్సు స్టాండు. ఈ రెండూ ఒకేచోట లేవు. ఒకదాని సంగతి మరొకదానికి పట్టదు. ఈ పట్టనితనాన్ని గురించియే ఈ వ్యాసం వ్రాయవలెనని తోచినది. దానికి నా సొంత కారణమొకటి ఉన్నది. అది తరువాత చెప్పుదును.

బందరుకు రైలు 1908 లో వచ్చినది. అప్పటికి ఊరి వైభవం వెనుకబడినది. ఆలస్యంగా వచ్చిన ఆ రైలు కథ తెలియవలెనన్నచో సముద్రం కథ తెలియవలెను. బందరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. కొన్ని మైళ్ళ దూరాన లంగరు వేయవలెను. సరకు చిన్న పడవలలో దింపుకొనవలెను. నది తెచ్చిన ఒండ్రు మేటవేయుచుండగా ఈ బాధ పెరిగినది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు ముప్పదివేల మంది ప్రాణాలు తీసినది. ఆ తరువాత ఊరు మునుపటి ఊరు కాలేదు.

అదే కాలంలో లోతట్టున వేరొక మార్పు జరుగుచున్నది. కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట 1855 లో పూర్తియైనది. కాలువలలో పడవలు నడిచినవి. నిజాం రాజ్యపు రైలు మార్గం హైదరాబాదు నుండి వరంగల్లు, డోర్నకల్లు మీదుగా 1889 లో బెజవాడ చేరినది. కృష్ణ మీద రైలు వంతెన 1893 నాటికి సిద్ధమైనది. తూర్పుతీర రైలు మార్గం బెజవాడ నుండి కటకం వరకు 1893-96 మధ్య దశలవారీగా తెరువబడినది. 1899 లో బెజవాడకు మద్రాసుతో తీరపు మార్గం కలిసినది. ఈ సంవత్సరాలను పటం ముందు పెట్టుకొని చూచినచో ఒక సంగతి స్పష్టమగును. "తూర్పుతీర" మార్గమని పేరే గాని అది మన తీరపు పాత రాణియైన బందరును తాకలేదు. చాలదూరం లోపలి నుండి వెళ్ళిపోయినది. హైదరాబాదు సరకు బెజవాడలో రైలు మారి మద్రాసుకు పోగలిగినప్పుడు బందరుకు ఎందుకు పోవును? గోల్కొండకు రేవు అవసరమైనది. రైలు వచ్చిన హైదరాబాదుకు ఆ రేవు అవసరం తప్పినది.

అట్లు పక్కకు తప్పిన ఊరికి తరువాత ఒక కొమ్మ మార్గం వేసినారు. అదియే బెజవాడ-బందరు లైను. అది మీటరుగేజి, పట్టాల మధ్య ఒక మీటరు ఎడం. మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గమేమో బ్రాడుగేజి, అనగా 1.676 మీటర్లు. ఒక గేజి పెట్టె మరొక గేజి మీద నడువదు. బందరు నుండి వచ్చిన బస్తా మద్రాసుకో కలకత్తాకో పోవలెనన్నచో బెజవాడలో ఒక పెట్టె నుండి దింపి మరొక పెట్టెలో ఎక్కించవలెను. హమాలీకి అది కూలి. వర్తకునికి అది నష్టం, ఆలస్యం. గుడివాడ నుండి భీమవరానికి 1928 లో మరొక మీటరుగేజి పాయ వేయుటతో గుడివాడ జంక్షను అయినది. 1960 ల నాటి గేజి మార్పిడితో ఈ ఇబ్బంది తొలగినది. ఇటీవలి సంవత్సరాలలో విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, మచిలీపట్నం మార్గాలలో విద్యుదీకరణ, రెండవ లైను పనులు జరిగినవి. నూరేళ్ళు ఆలస్యంగానైనను కొమ్మకు చెట్టుతో సమానపు హోదా వచ్చినది.

బందరు స్టేషనులో మొదట గమనింపవలసినది పట్టాలు అక్కడ ఆగిపోవుట. మిర్యాలగూడ స్టేషనులో నిలుచుండినచో బండి ఒకవైపు నుండి వచ్చి మరొకవైపు పోవును. అక్కడ మనం మధ్యవాళ్ళం. బందరులో బండి వచ్చి నిలుచును; ముందుకు దారి లేదు, ముందున్నది సముద్రం దిక్కు. పాతకాలపు బండికి ఇట్టి చివరి స్టేషనులో ఒక తతంగం ఉండెడిది. ఇంజనును విప్పి, పక్క పట్టాల మీదుగా వెనుకకు తెచ్చి, రెండవ కొసకు తగిలించవలెను. అప్పుడే తిరుగు ప్రయాణం. మెము అనే విద్యుత్తు ప్యాసింజరు బండికి రెండు కొసలయందును నడుపు గదులు ఉండును గనుక డ్రైవరు ఈ కొస నుండి ఆ కొసకు నడచి వెళ్ళినచో చాలును. పిల్లలు ఇంజను విప్పుట చూచు వేడుక పోయినది. ప్రయాణికునికి కొంత సమయం మిగిలినది.

విజయవాడలో బయలుదేరిన ప్యాసింజరు రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పలూరు, తరిగొప్పుల, ఇందుపల్లి వంటి చిన్న స్టేషన్లన్నిటిని పలకరించుచు గుడివాడ చేరును. అటుపై గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి, మచిలీపట్నం. ఎక్స్‌ప్రెస్సు బండికి ఈ పేర్లలో చాలవరకు కిటికీలో నుండి జారిపోవు పసుపు పలకలు మాత్రమే. ప్యాసింజరుకు ఇవి ఊళ్ళు. పెడన కలంకారీ అద్దకానికి పుట్టినిల్లు. "కలంకారీ" కూడ పారసీకమే. కలం అనగా లేఖిని, కారీ అనగా పని. శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో గీయుదురు. పెడనలోనేమో ప్రధానంగా చెక్కిన టేకు అచ్చులతో అద్దుదురు. కలం లేని కలంకారీ! అయినను ఆ తీగెలు, పూలు, దేవదారు ఆకారాలు పారసీక కొనుగోలుదారుల రుచిని నేటికీ చెప్పుచున్నవి. అద్దిన బట్టను పారు నీటిలో జాడించవలెను. కాలువ ఉన్నది గనుక ఆ పని అక్కడ నిలిచినది. చిలకలపూడి పేరు చెప్పినచో బంగారు పూత నగలు గుర్తుకు వచ్చును. ఈ పనివారలు, గుడ్లవల్లేరు వైపు చదువుకొనుటకు పోవు విద్యార్థులు, చేపల తట్టలవారు, ఆసుపత్రికి పోవు ముసలివారు, వీరే ప్యాసింజరు ప్రజలు.

ఈ బండి ఎందుకు నెమ్మది అని అడుగుదురు. అన్ని స్టేషన్లలో ఆగుట ఒక కారణం మాత్రమే. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక వేళ ఒకే బండి ఉండవలెననునది రైలు భద్రతకు మూలసూత్రం. ఎదురు బండి వచ్చువరకు ఈ బండి స్టేషనులో కాచుకొనవలెను. దీనినే క్రాసింగు అందురు. కాచుకొనవలసినది ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్సుకు ముందు స్థానం, ప్యాసింజరుకు వెనుక స్థానం. ధనికుని పది నిమిషాలు మిగుల్చుటకు పేదవాని అరగంట పోవును. రెండవ లైను వలన ఈ బాధ చాల తగ్గును. అందుచేత లైను రెట్టింపు అనునది ఇంజనీరింగు విషయం మాత్రమే కాదని నా అభిప్రాయం.

ప్యాసింజరు ప్రజలకు ఇటీవల ఒక పెద్ద దెబ్బ తగిలినది. 2020 మార్చిలో కరోనా వలన బండ్లన్నియు నిలిచినవి. తిరిగి నడిపినప్పుడు అనేక ప్యాసింజరు బండ్లను ప్రత్యేక బండ్లుగా, ఎక్స్‌ప్రెస్సు ఛార్జీలతో నడిపినారు. అదే పెట్టె, అదే వేగం, అవే స్టేషన్లు. కనీస టిక్కెట్టు మాత్రం పది రూపాయల నుండి ముప్పది రూపాయలైనది. 2024 ఫిబ్రవరి చివరలో పాత ఛార్జీలు తిరిగి వచ్చినవి. సుమారు నాలుగు సంవత్సరాలు! రోజూ పనికి పోవు అద్దకపు కూలికి రానుపోను ఇరువది రూపాయల స్థానంలో అరువది. నెలకు ఇరువదియైదు పనిదినాలు అనుకొనినచో వేయి రూపాయలు అదనం. సీజను టిక్కెట్టు ఉన్నవారి లెక్క వేరు. ఎప్పుడో ఒకప్పుడు పోవువారి లెక్క మాత్రం ఇదియే. బండి పేరులో ఒక మాట మారినందుకు ఇంత! భాషాశాస్త్రం చదువుకొను విద్యార్థులు పదానికి ఉన్న శక్తిని గురించి వ్రాయునప్పుడు ఈ ఉదాహరణ కూడ వ్రాసికొనవచ్చును.

స్టేషను అనే మాట మీద కూడ ఒక పాఠం చెప్పవచ్చును. పదం మొదట "స్ట" అనే జంట హల్లు నిలుచుట మన రెండు భాషలకూ కష్టమే. ఉర్దూ మాట్లాడు మా పెద్దలు ముందు ఒక అచ్చు చేర్చి "ఇస్టేషన్" అనెడివారు. మా వీధిలోని తెలుగు రైతులు హల్లునే వదలివేసి "టేషను" అనెడివారు. ఒకరు చేర్చి బ్రతికించినారు, మరొకరు తీసి బ్రతికించినారు. ఎవరూ తప్పు పలుకలేదు. ఎవరి నోటికి తగిన మెట్టు వారు కట్టుకొనినారు. స్టేషను వాకిట వినిపించు మాటలు చూడుడు: సామాను, సవారీ, దుకాణం, రస్తా పారసీక అరబీ మూలాలవి; కిరాయి, హమాలీ, తారీఖు, తనిఖీ కూడ అట్టివే. బండి, చిల్లర, తట్ట, మూట మనవి. టిక్కెట్టు, రైలు, బస్సు ఆంగ్లం. ఇవన్నియు ఒకే వాక్యంలో ఏ గొడవా లేక కూర్చుండును. పండితులు కొందరు రైలుకు ధూమశకటమని పేరు పెట్టినారు. పొగ పోయి విద్యుత్తు వచ్చినది గనుక ఆ పేరుకు ఇప్పుడు అర్థమూ లేదు.

బస్సు దారి వేరు దేశంలో నుండి పోవును. రైలు గుడివాడ మీదుగా తిరిగి రాగా, బస్సు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా సుమారు డెబ్బది కిలోమీటర్లలో బందరు చేరును. చాలదూరం కాలువ తోడుగా వచ్చును. ఉయ్యూరులో చక్కెర మిల్లు ఉన్నది. క్రషింగు రోజులలో చెరకు బండ్ల వరుస, బెల్లపు వాసన వంటి వాసన. బందరు స్టాండులో దిగినచో విజయవాడ, గుడివాడ, అవనిగడ్డ, రేపల్లె, గుంటూరు, హైదరాబాదు పేర్లు పలకల మీద కనిపించును. కత్తిపూడి-ఒంగోలు తీరపు రహదారి కూడ ఈ ఊరి మీదుగానే పోవును. రైలుకు చివరి ఊరైన బందరు బస్సుకు కూడలి. ఇది గమనింపదగిన భేదం. రైలు ఇక్కడ ముగియును. బస్సు ఇక్కడి నుండి దివిసీమ పల్లెలలోనికి పోవును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తుడిచిపెట్టుకొనిపోయిన సీమ అదియే. అక్కడికి పట్టాలు లేవు, బస్సే గతి.

ఇప్పుడు నా సొంత కారణం. 2003 లో నేను ఏడవ తరగతి చదువుచుంటిని. మా మేనత్త బందరు కోడలు. మేము ఆమెను ఫుప్పు అనెడివారము. ఆమెకు సంతానం లేదు. సెలవులలో నన్ను పిలిపించుకొని, సముద్రం చూపించి, బందరు లడ్డు పెట్టి పంపెడిది. ఒకనాటి తెల్లవారుజామున పక్క ఇంటి ఫోనుకు కబురు వచ్చినది. అసర్ నమాజు తరువాత ఖననం. మా అబ్బాజాన్ వచ్చువరకు ఆగుదుమని చెప్పినారు గాని మయ్యిత్‌ను ఎక్కువసేపు ఉంచరాదు. అబ్బాజాన్, నేను తొలి బస్సులో కోదాడ పోయి, అక్కడ మరొక బస్సెక్కి, మధ్యాహ్నానికి రైలు మారవలసిన పెద్ద ఊరు చేరితిమి. అబ్బాజాన్ జేబులో డబ్బు తక్కువ. ప్యాసింజరు టిక్కెట్టు బస్సు టిక్కెట్టులో సగం కూడ ఉండదు. తిరుగు ప్రయాణానికి కూడ చూచుకొనవలెను గదా! బస్సు స్టాండులో విచారణ కిటికీ వద్ద, "అయ్యా, బందరు ప్యాసింజరు ఎన్ని గంటలకు?" అని అడిగినారు. "అది మా సంగతి కాదు, రైలువారిని అడుగుము" అని జవాబు వచ్చినది. నడచి స్టేషనుకు పోతిమి. బండి వెళ్ళి కొద్దిసేపైనది. తరువాతి బండికి సమయం ఉన్నది. వెళ్ళిన బండి చేరు వేళ, వచ్చు బండి చేరు వేళ లెక్కవేసి, "అందుకొందుము" అని అబ్బాజాన్ టిక్కెట్లు తీసినారు. ఆ బండి ఆలస్యంగా వచ్చినది. దారిలో క్రాసింగు కొరకు ఒకచోట చాలసేపు నిలిచినది. మేము బందరు చేరునప్పటికి మగ్రిబ్ అజాన్ వినిపించుచున్నది. ఖననం అయిపోయినది.

తప్పు ఎవరిదని నేను తరువాత చాలసార్లు ఆలోచించితిని. కిటికీలోని మనిషిది కాదు. అతని ముందు రైలు పట్టిక లేదు. డ్రైవరుది కాదు, ఎదురు బండి రానిదే అతడు కదలరాదు. అబ్బాజాన్‌ది కూడ కాదు. ఆ మధ్యాహ్నం స్టాండులోనే ఆ పట్టిక ఒక గోడ మీద అతికించి ఉండినచో, లెక్క అక్కడే తేలి, అప్పుచేసియైనను బస్సెక్కి ఉందుమని ఆయన చివరివరకు అనెడివారు. ఒక కాగితం పని.

ఇది అసాధ్యమైన కోరిక కాదని చెప్పుటకు మన రాష్ట్ర చరిత్రలోనే ఆధారం ఉన్నది. నిజాం ప్రభుత్వం 1930 లో రైల్వేను కంపెనీ నుండి తీసికొనినది. 1932 లో అదే రైల్వే శాఖలో ఒక విభాగంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. అనగా హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సు పుట్టుకే రైలు ఇంటిలో జరిగినది. పట్టాలు పోని ఊరికి బస్సు పోవలెను, ఆ బస్సు రైలుకు జనాన్ని చేర్చవలెను అను ఆలోచన అందులో ఉన్నది. 1951 లో రోడ్డు విభాగం రైల్వే నుండి విడిపోయి ప్రభుత్వ శాఖ అయినది. 1958 జనవరి 11 న ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి. ఏర్పడినది. రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది. పరిపాలనకు ఈ విభజన అవసరమే కావచ్చును. అన్నదమ్ములు వేరుపడినను పెండ్లి ముహూర్తం ఒకరికొకరు చెప్పుకొనుట మానరు. వీరు మాత్రం బండి వేళలు చెప్పుకొనుట మానినారు.

2014 తరువాత మరొక గీత చేరినది. కోదాడ దాటి కొంతదూరం పోయినంతనే ఆంధ్రప్రదేశ్. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు ఆర్.టి.సి. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేని ప్రయాణం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి అట్టిదే వచ్చినది. రెండును ఆయా రాష్ట్రపు స్త్రీలకు, ఆయా రాష్ట్రపు హద్దుల లోపలనే. మన కళాశాల విద్యార్థిని నేరేడుచర్ల నుండి కోదాడ వరకు ఆధార్ కార్డు చూపి పోవచ్చును. అక్కడి నుండి బందరు వరకు ఆమె టిక్కెట్టు కొనవలెను. ఇట్టి విద్యార్థినికి విజయవాడ నుండి పది, పదునైదు రూపాయల తేడా కూడ తేడాయే. అప్పుడు ప్యాసింజరు వేళ తెలియుట డబ్బుతో సమానం.

మిర్యాలగూడ నుండి కూడ తీరానికి రైలు దారి ఉన్నది. విశాఖపట్నం పోవు జన్మభూమి ఎక్స్‌ప్రెస్సు నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి, గుంటూరు మీదుగా విజయవాడ పోవును. అక్కడ దిగి బందరు బండి పట్టుకొనవచ్చును. బందరు నుండి బీదరు వరకు నేరుగా ఒక ఎక్స్‌ప్రెస్సు ఉన్నది. అది వరంగల్లు, సికింద్రాబాదు మీదుగా పోవును. బహమనీల రాజధాని, గోల్కొండ సీమ, బందరు రేవు మూడును ఒకే టిక్కెట్టు మీద! చరిత్ర విద్యార్థులు ఈ బండిని పాఠ్యపుస్తకంగా భావించినను తప్పులేదు.

2023 లో బందరులో కొత్త ఓడరేవు నిర్మాణపు పనులు ప్రారంభమైనవి. ఓడలు వచ్చినప్పుడు సరకు కొరకు పట్టాలు, రోడ్లు వేయుదురు. అందులో సందేహం లేదు. సరకుతోపాటు మనుషులు కూడ మారవలసిన చోటు ఒకటి ఉండునని, రైలు స్టేషనుకు బస్సు, బస్సు స్టాండుకు రైలు వేళ అప్పుడైనను అందునని ఆశింతము. పారిన్ని సంవత్సరాలకు ఒకసారి లేచు ఊరు అది. ఈసారి ప్యాసింజరు ప్రజలను మరువకుండ లేచినచో బాగుండును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయం వెలుపలి నల్లబల్ల సగం ఖాళీగానే ఉన్నది. దాని మీద కోదాడ, మిర్యాలగూడ, విజయవాడలలో బస్సు వేళలు, రైలు వేళలు పక్కపక్కన వ్రాయుటకు తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఇద్దరు చొప్పున ముందుకు వచ్చినారు. రెండు లిపులలోను వ్రాయుదురు, నెలకొకసారి సరిచూచుదురు. సుద్దముక్కలు చాలును. అట్లే ఈ శీతకాలంలో రెండవ సంవత్సరపు విద్యార్థులను బందరు అధ్యయన యాత్రకు అనుమతింపవలెనని కోరుచున్నాను. పోవునప్పుడు ప్యాసింజరులో పోయి పెడనలో దిగి అద్దకం చూతుము. వచ్చునప్పుడు ఉయ్యూరు మీదుగా బస్సులో వత్తుము. ప్రతి విద్యార్థియు దారిలో వినిన మాటలను పుస్తకంలో వ్రాసికొని, ఏ మాట ఏ భాష నుండి వచ్చినదో తరగతిలో చెప్పవలెను. బందరులో ఒక సాయంకాలం ఉందుము. అందులో ఒక గంట నాకు సెలవు ఇప్పించినచో, ఖబరస్తానుకు పోయి ఫుప్పు సమాధి వద్ద ఫాతిహా చదివి, అసర్ వేళకు విద్యార్థులను స్టాండులో కలిసికొందును.